ఏడాదంతా ఫోన్లో "బాగానే ఉన్నాం" అన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. మా ఆయన ఆర్మీలో హవల్దార్. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో దక్షిణ సూడాన్ వెళ్ళి పదమూడు నెలలకు వచ్చారు. అక్కడ మలకాల్ అనే ఊళ్ళో ఉండేవారు. వచ్చి ఐదు వారాలు దాటింది. ఇంకా ఇరవై మూడు రోజుల లీవు ఉంది.

వచ్చిన రోజు ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు, డప్పులు కొట్టించారు. ఆ రాత్రి నుంచే ఆయనకు సరిగా నిద్ర లేదు. రెండింటికి లేచి తలుపు గడియలన్నీ చూసుకుని అరుగు మీద కూర్చుంటారు. అడిగితే "ఏం లేదు, నువ్వు పడుకో" అంటారు. పాపకి ఇంకా మూడేళ్ళు నిండలేదు. నాన్న ఏడీ అంటే ఇప్పటికీ నా ఫోన్ చూపిస్తుంది. పోయిన వారం అమ్మవారి సంబరంలో టపాసులు పేలగానే ఆయన పాపను లాగి గోడవారన నేలమీద పడుకోబెట్టి తాను మీదికి వంగిపోయారు. పాప గుక్కపట్టి ఏడ్చింది. అందరూ చూశారు. అప్పట్నుంచి పాప ఆయన దగ్గరికి అసలు వెళ్ళడం లేదు, ఆయన వీధిలోకి వెళ్ళడం లేదు.

ఇంకో సంగతి. మా మామయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేయిస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. అంత దూరంలో ఉండి ఏం చేయగలరు, బెంగ పెట్టుకుంటారని "కొంచెం నీరసంగా ఉన్నారు" అని మాత్రమే అన్నాను. వచ్చి చూశాక "నా తండ్రి సంగతి నా దగ్గరే దాస్తావా?" అన్నారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, నాతో మాట్లాడటం తగ్గించేశారు. లెక్కలు మాత్రం అడుగుతారు. మోటారు ఎందుకు మార్చావు, జీడిపిక్కలు ఎవరికి అమ్మావు, ఎంతకు అమ్మావు, ఇవే. అత్తయ్య గాలి సోకిందంటోంది. చుట్టాలు యూఎన్ డబ్బులు అప్పు అడుగుతున్నారు. మొన్న ఆయనతో పనిచేసినాయన ఫోన్ చేసి మాటల్లో "ఆ కాల్పులప్పుడు" అన్నాడు. నాతో మాత్రం అక్కడ అంతా ప్రశాంతమనే చెప్పారు. ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా చెప్పరు. నా మనిషి నాకు మళ్ళీ దొరుకుతాడా అమ్మా?

— ఒక జవాను భార్య

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనూ జవాను భార్యనే. అందుకే మీరు అనకుండా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ సంబరం రాత్రి గురించి మాట్లాడుకుందాం. అది చూసి ఊరంతా భయపడింది, పాప భయపడింది, నువ్వూ భయపడ్డావు. కానీ నువ్వు రాసిన వాక్యం నువ్వే మళ్ళీ చదువు. పాపను కింద పడుకోబెట్టి తాను మీదికి వంగిపోయాడు అన్నావు. చప్పుడు వినగానే, అది టపాసు అని బుర్రకు ఎక్కకముందే, అతని ఒళ్ళు చేసిన పని అది. పారిపోలేదు, తాను దాక్కోలేదు. తగిలేది ఏదైనా ఉంటే తన వీపుకు తగలాలని బిడ్డను కింద పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు ఎలా అనుకున్నా అనుకోనీ, ఈ మాట మాత్రం అతనికి నీ నోటితో చెప్పు. ఆ రాత్రి తాను బిడ్డను భయపెట్టిన తండ్రినని అతను కుమిలిపోతుంటాడు. వీధిలోకి వెళ్ళకపోవడానికి కారణం అదే అయివుంటుంది.

శాంతిసేన అనే పేరు వల్ల మనవాళ్ళు ఒక పొరపాటు పడతారు. యుద్ధం కాదు కదా, నీలం టోపీ పెట్టుకుని కాపలా కాసి మెడల్ తెచ్చుకున్నాడు కదా అనుకుంటారు. దక్షిణ సూడాన్ 2011 జూలైలో కొత్త దేశమైంది. 2013 డిసెంబరుకల్లా వాళ్ళలో వాళ్ళకే అంతర్యుద్ధం మొదలైంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేలాది మంది యూఎన్ స్థావరాల్లోకి పరుగెత్తుకొచ్చారు. అలా వచ్చినవాళ్ళ కోసం ఏర్పడ్డ శిబిరమే మలకాల్లోనూ ఉంది, తెల్ల నైలు నది ఒడ్డు ఊరు అది. 2016 ఫిబ్రవరిలో ఆ శిబిరం మీదే దాడి జరిగి పాతికమందికి పైగా చనిపోయారు, గుడిసెలు తగలబడిపోయాయి. మన సైనికులూ ఆ దేశంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2013 ఏప్రిల్లో జోంగ్లే రాష్ట్రంలో దారికాచి చేసిన దాడిలో ఐదుగురు, అదే ఏడాది డిసెంబరులో అకోబో స్థావరం మీద దాడిలో ఇద్దరు.

శాంతిసేన జవానుకు ఇంకో కష్టం ఉంది. ఎదుటివాడు శత్రువని చెప్పి పంపరు. కంచె అవతల ఆకలి, జబ్బులు, తల్లులు, పిల్లలు కనిపిస్తుంటారు. చేతిలో తుపాకీ ఉంటుంది గానీ, ఎప్పుడు వాడొచ్చు, ఎప్పుడు వాడకూడదు అన్నదానికి నియమాలుంటాయి. చూస్తూ నిలబడాల్సిన రోజులు ఉంటాయి. నీ భర్త ఏం చూశాడో నాకు తెలియదు, నేను ఊహించను, నువ్వూ ఊహించకు. ఇవన్నీ అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాలనే రాశాను. ఆవిడ దిష్టి తీస్తానంటే తీయనివ్వు, కొడుకు కోసం తల్లి చేసే పని అది. మంత్రగాడి దగ్గరికి మాత్రం వద్దు. పదిమందిలో కూర్చోబెట్టి నిమ్మకాయలు కోస్తే అతను ఇంకా ముడుచుకుపోతాడు.

ఇప్పుడు అసలు విషయం. "అతను చెప్పడు, చెప్పడు" అని నాలుగుచోట్ల రాశావు. నువ్వు చెప్పావా?

పదమూడు నెలలు రోజూ ఫోన్ మాట్లాడుకుని ఉంటారు. మనకు రాత్రి పదిన్నర అయితే అక్కడ ఏడు గంటలు. అతను డ్యూటీ దిగి వచ్చి "ఇక్కడ ప్రశాంతం" అన్నాడు. నువ్వు పొద్దున మామగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళి వచ్చి, పాపను పడుకోబెట్టి "ఇక్కడ బాగానే ఉన్నాం" అన్నావు. ఇద్దరూ ప్రేమతోనే అబద్ధమాడారు. కానీ ఆ అబద్ధం వల్ల ఏం జరిగిందంటే, అతని మనసులో ఉన్న ఇల్లు వేరు, అతను దిగిన ఇల్లు వేరు. తండ్రి నీరసంగా ఉన్నాడనుకుని వచ్చినవాడికి డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో చేతికి ఫిస్టులా పెట్టించుకున్న తండ్రి కనిపించాడు. నీ సంగతీ అంతే. ప్రశాంతమైన చోటు నుంచి భర్త వస్తాడని ఎదురుచూశావు, టపాసుకు నేలమీద పడే మనిషి వచ్చాడు. కొట్టుకోకుండా, తిట్టుకోకుండా మీరిద్దరూ దూరంగా ఉంటున్నారంటే కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నా కథ కొంచెం చెప్పాలి. మా ఆయన 1989 మొదట్లో శ్రీలంక వెళ్ళారు, అక్కడికి పంపిన మన శాంతిసేన ఐపీకేఎఫ్‌లో. వవునియా వైపు ఉండేవారు. అప్పుడు ఫోన్లెక్కడివి, ఇన్‌లాండ్ ఉత్తరాలే. "నేను క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను" అని ఆయన, "ఇక్కడ అందరం కులాసా" అని నేను. ఆయన వెళ్ళేటప్పటికి నాకు మూడో నెల. ఐదో నెలలో పోయింది. ఉత్తరంలో రాయలేదు. అంతమంది చావుల మధ్య ఉన్న మనిషికి ఇదొకటి ఎందుకని మా అత్తగారూ వద్దన్నారు. 1990 మార్చిలో చివరి దళాలతో మద్రాసులో దిగారు. ఆ సైన్యానికి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి కూడా రాలేదు. లంక తమిళుల మీద పోరాడి వచ్చిన సైన్యమని ఆయన కోపం. మీ ఊళ్ళో డప్పులు, ఫ్లెక్సీలు. మాకు అవేమీ లేవు. కానీ ఇంట్లోకి వచ్చాక మాత్రం రెండిళ్ళూ ఒకలాగే ఉన్నాయి చూడు.

వచ్చాక ఆయన పొలం రానన్నారు. గట్టు మీద కొత్తగా మన్ను తవ్వి ఉంటే అక్కడే నిలబడిపోయి చుట్టూ తిరిగి వచ్చేవారు. ఉద్యోగం వచ్చింది కదా, మట్టి అంటితే నామోషీ అనుకున్నాను. నోరు జారి అనేశాను కూడా. అక్కడ రోడ్డు పక్కన కొత్తగా తవ్విన మన్ను కనిపిస్తే కింద మందుపాతర ఉందని అర్థమట. ఆ సంగతి నాకు తెలిసింది పదకొండేళ్ళ తర్వాత, అదీ ఆయన మా అబ్బాయికి చెబుతుంటే విన్నాను. పోయిన బిడ్డ గురించి ఆయనకు నేను చెప్పడానికీ దాదాపు అన్నేళ్ళూ పట్టింది. ఆయన అడగాలని నేను చూశాను. తెలియనిదాన్ని మనిషి ఎలా అడుగుతాడు? పదకొండేళ్ళు ఒకే కప్పు కింద అలా గడిచిపోయాయి. నీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని ముందు నువ్వు మొదలుపెట్టు. "అక్కడ ఏం జరిగింది" అని అడగడం ఈ ఇరవై మూడు రోజులూ మానెయ్యి. నీ ఏడాది చెప్పు. మామగారికి కాళ్ళు వాచిన రోజు, క్రియాటినిన్ రిపోర్టు చేతికిచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో నువ్వు ఒక్కదానివే కూర్చున్న సంగతి, పాపను పొరుగింట్లో వదిలి ఆటో ఎక్కిన సంగతి, ఆ రాత్రి ఫోన్లో గొంతు మార్చుకుని మాట్లాడిన సంగతి. ఏడుపొస్తే ఏడువు. అప్పుడు ఒక మాట అను: "మీ నాన్నగారి సంగతి దాచడం తప్పు. మీకు తెలియాల్సింది." అక్కడితో ఆపు. దానికి "కానీ" తగిలించకు, "మీరు మాత్రం దాచలేదా" అనకు. నువ్వు మంచికే దాచావు, నాకు తెలుసు. అయినా కన్నతండ్రి జబ్బు తెలుసుకునే హక్కు కొడుకుకు ఉంది. ఆ ఒక్క విషయంలో న్యాయం అతని వైపే ఉందని నా అభిప్రాయం.

అతను వెంటనే తన కథ చెప్పేస్తాడని ఆశపడకు. చెప్పకపోవచ్చు. చిన్న చిన్నవి అడుగు. అక్కడ అన్నం ఎవరు వండేవారు, వానొస్తే దారులు ఎలా ఉండేవి అని. మలకాల్ వైపు నల్లరేగడి నేల, వానాకాలంలో బండ్లు కదలవంటారు. మన సైన్యం పశువైద్యులు అక్కడి ఆవులకు వైద్యం చేస్తారు, అక్కడివాళ్ళకు ఆవంటే ప్రాణం. ఇలాంటివి చెప్పడం అతనికి కష్టం కాదు. పెద్ద విషయం ఎప్పుడో ఒకరోజు బండి మీద వెళ్తుంటేనో, చీకట్లో అరుగు మీదో దానంతట అదే వస్తుంది. వచ్చినప్పుడు మధ్యలో ఓదార్చకు, విను. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే "పడుకోండి" అని పిలవడం కంటే, ఒకటి రెండుసార్లు నువ్వూ వెళ్ళి పక్కన కూర్చో.

ఇక లెక్కల గొడవ. మోటారు ఎందుకు మార్చావని అడిగినప్పుడు నీ మీద అనుమానమని నీకు అనిపిస్తుంది. ఏడాదంతా నువ్వే మోసిన ఇంట్లో ఇప్పుడొచ్చి లెక్క అడిగితే ఒళ్ళు మండదా? మండుతుంది. కానీ అతని వైపు నుంచి చూస్తే, తాను లేకుండానే ఇల్లు నడిచిపోయింది, ఇక తన పని ఏమిటో అతనికి తెలియడం లేదు. లెక్కల పుస్తకం ముందు పెట్టి ఒకపూట అంతా చూపించు. తర్వాత ఒక పని పూర్తిగా అతనికి ఇచ్చెయ్యి. ఏ పనో నేనే చెబుతాను: మామగారి డయాలసిస్. వారానికి రెండు రోజులు పలాసకు తండ్రిని అతనే తీసుకెళ్ళాలి, నువ్వు ఇంట్లో ఉండు. ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది కదా, ఆ మిషను పక్కన తండ్రీ కొడుకులు కూర్చుంటారు. నీకు చెప్పనివి తండ్రికి చెప్పవచ్చు. చెప్పకపోయినా, తండ్రి కోసం చేయలేకపోయాననే బాధ చేతులతో చేస్తే కొంత తగ్గుతుంది. అతను ఆలస్యం చేసినా, మందుల చీటీ మర్చిపోయినా నువ్వు లాక్కోకు. మొదటి రెండుసార్లూ నీ చేతులు ఊరుకోవు, అయినా ఊరుకో.

పాప విషయంలో తొందర పనికిరాదు. పాప పుట్టిందగ్గర్నుంచి వాళ్ళ నాన్న ఎక్కువగా ఫోన్లోనే ఉన్నాడు, అందుకే ఫోన్ చూపిస్తోంది. ఆ వయసు పిల్లకి అది తప్పు కాదు, అవమానమూ కాదు. "నాన్న దగ్గరికి వెళ్ళు" అని తోయకు, ముద్దు పెట్టమని అందరి ముందూ అడగకు. అతన్ని నేలమీద కూర్చోమను, పాప ఆడుకునే చోటికి కాస్త ఎడంగా. ఏదో ఒక పని చేస్తూ ఉండమను, జీడిపిక్కలు ఏరుతూనో, విరిగిన బొమ్మ బాగుచేస్తూనో. పాపే వస్తుంది. ఒక చిట్కా చెప్పనా? అతను పక్క గదిలోంచి నీ ఫోన్‌కి వీడియో కాల్ చేయాలి, పాప ఫోన్లో నాన్నతో మాట్లాడుతుండగా అతను మాట్లాడుతూనే గదిలోకి నడిచి రావాలి. మా యూనిట్‌లో ఒక అమ్మాయి తన కొడుకుతో ఇలా చేసింది. వాడు ఫోన్లోకీ నాన్న ముఖంలోకీ మార్చి మార్చి చూసి, ఫోన్ కింద పెట్టేశాడు.

డబ్బుల గురించి రెండు మాటలు చాలు. ఈ లీవులో ఎవరికీ అప్పు ఇవ్వవద్దు, స్థలాలు కొనవద్దు. నిద్రలేని మనిషి చేత ఎవరూ సంతకాలు పెట్టించుకోకూడదు. డయాలసిస్ ఖర్చుకు, పాపకు డిపాజిట్ వేసేశామని చెప్పు, నువ్వే చెప్పు, చెడ్డపేరు నీకు వచ్చినా ఫర్వాలేదు.

ఆరోగ్యం సంగతి జాగ్రత్తగా చదువు. దక్షిణ సూడాన్లో ప్రమాదకరమైన మలేరియా ఉంది. తిరిగి వచ్చిన కొన్ని నెలల వరకూ అది బయటపడవచ్చు. చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు, వాంతులు, ఏది వచ్చినా వైరల్ జ్వరమని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. డాక్టరుకు మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చాడని చెప్పాలి. అక్కడ మలేరియా రాకుండా ఏ మాత్ర వేసుకున్నాడో కూడా అడుగు. వారానికి ఒకటి వేసుకునే మెఫ్లోక్విన్ అయితే, కొందరికి దానివల్ల పీడకలలు, నిద్రలేమి, ఆందోళన వస్తాయి. అతని నిద్ర చెడటంలో దాని వాటా ఉందేమో డాక్టరే తేల్చాలి, కాబట్టి ఆ పేరు తప్పకుండా చెప్పండి. మాత్ర ఇంకా వేసుకుంటుంటే అడగకుండా మానేయవద్దు.

చప్పుడుకు ఉలికిపడటం, నిద్ర పట్టకపోవడం వచ్చిన కొత్తలో చాలామందికి ఉండేదే, ఎక్కువమందికి మెల్లగా తగ్గుతుంది. మీకు ఐదు వారాలు దాటింది. రోజురోజుకూ కొంచెమైనా తగ్గుతోందా, అలాగే ఉందా, పెరుగుతోందా అన్నది నువ్వు గమనించాలి. తగ్గకపోతే లీవు అయిపోయేదాకా ఆగకుండా మానసిక వైద్యుడికి చూపించండి. మీకు దగ్గర్లో సైన్యానికి సంబంధించిన పెద్ద ఆసుపత్రి అంటే విశాఖపట్నంలోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. సైనికులు, వాళ్ళ కుటుంబాల కోసమే పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో దాని ప్రత్యేక విభాగం కూడా మొదలుపెట్టారు. అతను మాట్లాడనంటే నువ్వు మాట్లాడు, నీ కోసమే మాట్లాడు. ఎనిమిది నెలలు ఒంటిచేత్తో నడిపినదానివి, నీకూ అవసరం ఉంది.

అతను వద్దంటాడు. మెడికల్ కేటగిరీ, అంటే సైన్యం ఇచ్చే ఆరోగ్య అర్హత, తగ్గుతుంది, ప్రమోషన్ పోతుంది అంటాడు. ఆ భయం ఉత్తుత్తిది కాదు, బ్యారక్‌లో ప్రతి జవానుకూ ఉంటుంది. కేటగిరీ తగ్గించే అవకాశం ఉంటుంది కూడా. కానీ తాత్కాలికంగా ఇచ్చే కేటగిరీని కొన్ని నెలలకు మళ్ళీ పరీక్షించి మారుస్తారు. చేతిలో తుపాకీ ఉండే ఉద్యోగంలో నిద్రలేకుండా డ్యూటీకి వెళ్ళడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఈ మాట నువ్వు చెబితే వినకపోవచ్చు, ఊళ్ళో రిటైరైన సుబేదార్ ఎవరైనా ఉంటే ఆయన చేత చెప్పించు.

ఒకవేళ అతను బతకడం ఎందుకన్నట్టు మాట్లాడినా, మిలిటరీ క్యాంటీన్ మద్యం సీసా రోజూ తెరుస్తున్నా, నీ మీదో పాప మీదో చెయ్యెత్తినా, ఇక నేను చెప్పిన ఓపిక మాటలన్నీ పక్కన పెట్టు. చావు మాట వస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. చెయ్యెత్తితే పాపను తీసుకుని ముందు నువ్వు అక్కడినుంచి కదులు, తర్వాత అన్నకో తమ్ముడికో చెప్పు. దేశం కోసం వెళ్ళొచ్చాడని నువ్వు దెబ్బలు ఓర్చుకోనక్కర్లేదు.

"నా మనిషి నాకు మళ్ళీ దొరుకుతాడా" అన్నావు. వెళ్ళినప్పటి మనిషే కావాలంటే దొరకడు తల్లీ. నువ్వూ వెనకటి మనిషివి కావు. అప్పుడు మోటారు స్విచ్ వేయడానికి కూడా అతన్ని పిలిచి ఉంటావు, ఇప్పుడు మోటారే మార్పించావు. అతనికి నువ్వూ కొత్తే. మా ఆయనా నేనూ మళ్ళీ దగ్గరయ్యాం, చాలా ఆలస్యంగా. మీకు ఐదు వారాలే అయింది, అప్పుడే నాకు ఉత్తరం రాశావు.

లీవు అయ్యాక మళ్ళీ దూరమే. ఈసారి ఎక్కడికి పోస్టింగో, ఫ్యామిలీ క్వార్టర్ దొరుకుతుందో లేదో ఇప్పుడే అడిగించు. మామగారి వైద్యం వల్ల నువ్వు కదలలేకపోతే, రైలెక్కే ముందు ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. ఫోన్ చేసినప్పుడు "బాగానే ఉన్నాం" అనుకోండి, ఫర్వాలేదు. ఆ తర్వాత ఇద్దరూ తలా ఒకటి జరిగింది జరిగినట్టు చెప్పాలి. నువ్వు మామగారి రిపోర్టులో అంకె చదువు, అతను రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో చెప్పాలి.